నాటు పోనీకి జీను కొనాలి, ఒకసారి మోసపోయాను, రెండోసారి పోకూడదు

దేవనహళ్ళి సుబ్బు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, ఇరవై ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నాం. దేవనహళ్ళి అవతల ఎకరంన్నర తోట ఉంది. అందులో రెండు ఆవులు, కొన్ని కోళ్ళు, మూడు నెలల నుంచి ఒక పోనీ. పోనీ కొనాలన్నది నా ఆలోచన కాదు, మా అమ్మాయి చేసిన సత్యాగ్రహం ఫలితం. దానికి పదకొండేళ్ళు, రెండేళ్ళుగా రైడింగ్ నేర్చుకుంటోంది. 2018 ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన ఫవాద్ మీర్జా మన బెంగళూరు వాడేనని తెలిసిన రోజు నుంచి గోడ మీద ఆయన ఫొటో, ఇంట్లో ఇదే గోల.

పోనీ పేరు బెల్లం. రంగు అచ్చంగా పాత బెల్లం రంగే. ఆడది. సోలాపూర్ వైపు నుంచి తెచ్చారు, భీమ్‌థడి రకం అన్నారు. ఎత్తు 12.1 హ్యాండ్స్, అంటే మన లెక్కలో 49 అంగుళాలు. అమ్మినాయన ఐదేళ్ళు అని చెప్పాడు. నెమ్మదైన జంతువు, ఆవుల పక్కనే నిలబడి మేస్తుంది.

సమస్య జీనుతో. ఆన్‌లైన్‌లో 9,500 పెట్టి ఒక కొత్త తోలు జీను కొన్నాను. వచ్చిన రోజున భలే నిగనిగలాడింది. పాప ఎడమ రికాబులో కాలు పెట్టగానే జీను మొత్తం తిరిగి పోనీ పొట్ట కిందకి వెళ్ళిపోయింది, పాప గడ్డిలో పడింది. దెబ్బ తగల్లేదు. పట్టీ ఇంకా బిగించి మళ్ళీ ఎక్కిస్తే ఈసారి పక్కకి పోలేదు గానీ, నాలుగడుగులు వేసేసరికి ముందుకు జారి దాదాపు మెడ మీదకి వచ్చింది. పక్క తోటాయన కింద ఇంకో రెండు నమ్దాలు, అంటే మందపాటి ఉన్ని గుడ్డలు, వేస్తే సరిపోతుందంటున్నాడు. షాపులో అడిగితే "మీడియం సైజు తీసుకెళ్ళండి సార్, అన్నిటికీ పడుతుంది" అన్నారు. 40 వేల దాకా పెట్టగలను. మంచిది ఏది కొనాలో చెప్పండి.

లగామ్ లక్ష్మి

సుబ్బు గారూ, ముందు ఆ రెండు నమ్దాల సలహా పక్కన పెట్టేయండి. జీను ఇరుకై పట్టేస్తుంటే కింద మందం పెంచినకొద్దీ ఇంకా పట్టేస్తుంది. జీను వెడల్పైతే మందం వేయగానే అది ఇంకా ఎత్తున కూర్చుని ఇంకా సులువుగా తిరుగుతుంది. ఎలా చూసినా నష్టమే.

నేను పన్నెండేళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నాను, అందులో సగం నాటు పోనీల మీదే. వీటి ఒళ్ళు రేసు గుర్రాల ఒళ్ళులా ఉండదు. థరోబ్రెడ్‌కి మూపు ఎత్తుగా, సన్నగా కత్తిలా లేస్తుంది, జీను దాని వెనక ఒదిగి కూర్చుంటుంది. నాటు పోనీకి మూపు ఉందా లేదా అన్నట్టుంటుంది, వీపు బల్లపరుపు, పక్కటెముకలు గుండ్రంగా పీపాలా. పీపా మీద పీట వేసి కూర్చుంటే ఏమవుతుందో మీ పాపకి అదే అయింది. ఇంగ్లండ్‌లో కూడా వెల్ష్, డార్ట్‌మూర్, హైలాండ్ లాంటి వాళ్ళ నాటు పోనీలున్న వాళ్ళందరిదీ ఇదే ఏడుపు. అందుకే అక్కడ థోరోగుడ్ లాంటి వాళ్ళు వెడల్పు వీపుల కోసం ప్రత్యేకంగా జీన్లు చేస్తారు.

ఇంకో సంగతి, గర్త్ అంటే పొట్ట కింద పట్టీ. ఏ గుర్రానికైనా ముందు కాలి మోచేతి వెనక ఒక పల్లం ఉంటుంది, మీరు ఎక్కడ బిగించినా పట్టీ నడవగానే అక్కడికే చేరుతుంది. గుండ్రటి పొట్ట పోనీల్లో ఆ పల్లం బాగా ముందుకి ఉంటుంది. కాబట్టి పట్టీ ముందుకి పోతుంది, దాంతోపాటు జీనునీ భుజాల మీదకి లాక్కుపోతుంది. మీ జీను మెడ మీదకి రావడానికి సగం కారణం ఇదే.

ఫొటోలు పెట్టండి. జీను లేకుండా, సమానమైన నేల మీద నిలబెట్టి, పక్క నుంచి ఒకటి, వెనక స్టూలు ఎక్కి వీపు పొడవునా కనపడేలా ఒకటి. ఆ ఆన్‌లైన్ జీనుని మాత్రం ఈలోగా మళ్ళీ వేయకండి.

బాబ్జీ బొమ్మనహళ్ళి

ఎందుకండీ ఇంత టెన్షన్. చిన్నప్పుడు మా ఊళ్ళో చాకిరేవు దగ్గర గుర్రం మీద గోనెసంచి వేసుకుని ముగ్గురం ఎక్కేవాళ్ళం. గుర్రానికీ ఏం కాలేదు, మాకూ ఏం కాలేదు. నాటు గుర్రం గట్టిదండీ, దానికి 40 వేల జీను ఎందుకు?

జట్కా మనవడు

బాబ్జీ అన్నా, మీకు ఏం కాలేదని మీరు చెప్తున్నారు, గుర్రాన్ని అడిగారా?

మా తాతది విజయవాడలో జట్కా. నేను పుట్టేసరికి బండి పోయింది గానీ మాటలు పోలేదు. ఇప్పుడు హోసూరు రోడ్డు మీద ఉద్యోగం, శనివారాలు ఒక ఫారంలో గుర్రాలు చూసుకుంటాను. తాత ఒక మాట అనేవాడు, గుర్రానికి కాళ్ళకన్నా ముందు వీపు ముసలిదవుతుంది అని. కాడి సరిగ్గా లేని ఎద్దుకి మెడ ఎలా వాచి పుండు పడుతుందో రైతు బిడ్డలందరికీ తెలుసు. ఎద్దు నోరు తెరిచి చెప్పదు, పని చేస్తూనే ఉంటుంది, ఒక రోజు కాడి కిందకి రాకుండా మొండికేస్తుంది, అప్పుడు దానికి పొగరు అంటాం. పోనీదీ అదే కథ. జీను తెస్తుంటే చెవులు వెనక్కి వాల్చడం, పట్టీ బిగిస్తుంటే తిరిగి కరవబోవడం, ఎక్కగానే వీపు కిందకి దించేయడం ఇవన్నీ అది పెడుతున్న అర్జీలు. సుబ్బన్నా, మీ బెల్లం ఇవేమైనా చేస్తోందా?

జారడానికి మాత్రం పాతకాలపు మందు ఉంది, దుంచీ. జీను వెనక నుంచి తోక కింద దాకా వెళ్ళే పట్టీ. మెత్తటి తోలుతో, తోక కింద భాగం లావుగా గుండ్రంగా ఉండాలి, లేకపోతే అక్కడ ఒరుసుకుని పుండు పడుతుంది. మొదటిసారి వేసినప్పుడు తన్నే పోనీలుంటాయి, వెనక నిలబడకండి. అయితే సరిపోని జీనుని దుంచీతో కట్టేసి సరిపోయిందనుకోకూడదు.

గోనెసంచి విషయం. పది నిమిషాలు తేలికైన పిల్ల అలా ఎక్కితే ఏం కాదు. గంటసేపు అయితే మాత్రం కూర్చున్నవాడి పిర్రల ఎముకలు రెండూ గుర్రం వీపులో ఒకే చోట దిగుతాయి. జీను ఉన్నదే ఆ బరువుని వెన్నెముకకి రెండు పక్కలా కండ మీద పరవడానికి.

దేవనహళ్ళి సుబ్బు

చెవులు వెనక్కి వాల్చడం, అవును. పట్టీ బిగిస్తుంటే పళ్ళు కూడా చూపించింది. నేను దానికి ఆకలేస్తోందనుకుని బెల్లం ముక్క పెట్టాను, సిగ్గేస్తోంది ఇప్పుడు చెప్పాలంటే.

ఫొటోలు పెట్టాను. వెనక నుంచి తీసిన ఫొటోలో ఒకటి గమనించండి, మూపుకి రెండు పక్కలా అర్ధరూపాయంత తెల్ల మచ్చలున్నాయి. పుట్టుమచ్చలని అమ్మినాయన అన్నాడు. రెండూ ఒకే చోట, ఒకే సైజులో, అటొకటి ఇటొకటి.

హెబ్బాళ డాక్టర్

అవి పుట్టుమచ్చలు కావండీ. ఒకే చోట చాలాకాలం ఒత్తిడి పడితే వెంట్రుక మొదట్లో రంగు తయారుచేసే కణాలు దెబ్బతింటాయి, ఆ తర్వాత అక్కడ తెల్ల వెంట్రుకలే వస్తాయి. భీమా నది వైపు ధన్‌గర్ గొర్రెల కాపర్లు వలస వెళ్ళేటప్పుడు సామానంతా ఈ పోనీల మీదే వేస్తారు. గుడారాలు, వంట సామాను, గొర్రె పిల్లలు, కోళ్ళు. గట్టి జాతి, కొండలూ ఎండా అలవాటైన జాతి, దేశవాళీ జాతిగా ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది. కానీ సామాను కట్టే జీను మూపు మీద ఒత్తుకుంటే ఏ జాతికైనా ఇదే గుర్తు మిగులుతుంది. ఇప్పుడు అక్కడ వేలితో గట్టిగా నొక్కి చూడండి, చర్మం వణికిందా, వీపు దించేసిందా చెప్పండి.

ఐదేళ్ళు అన్న మాట నాకు నచ్చలేదు. ఫొటోలో పిర్ర మూపుకన్నా ఎత్తుగా కనబడుతోంది, అంటే ఇంకా పెరుగుతోందేమో అని అనుమానం. పళ్ళు చూస్తే తేలిపోతుంది. పై పెదవి ఎత్తి ముందు పళ్ళు చూడండి. మధ్యలో రెండు పళ్ళు రెండున్నరేళ్ళకి మారతాయి, వాటి పక్కవి మూడున్నరకి, చివరి మూలవి నాలుగున్నరకి. పాలపళ్ళు చిన్నగా, తెల్లగా, చిగురు దగ్గర సన్నబడి ఉంటాయి. అవి మారాక వచ్చే పక్కా పళ్ళు పెద్దవి, పసుపు రంగువి, నిలువుగా గీత ఉంటుంది. ఫొటో తీసి పెట్టండి, వేలు మాత్రం నోట్లో పెట్టకండి.

ఇది అడిగి తీరాలి, రాష్ట్రం దాటి తెచ్చినప్పుడు గ్లాండర్స్ పరీక్ష చేయించారా? అది మనుషులకూ అంటే రోగం. కాగితం లేకపోతే దగ్గర్లో ప్రభుత్వ పశువైద్యశాలకి వెళ్ళి రక్తం తీయించండి, జీను సంగతి తర్వాత.

దేవనహళ్ళి సుబ్బు

డాక్టర్ గారూ, గ్లాండర్స్ కాగితం ఉంది, అది ఒక్కటే సరిగ్గా చేశాను. పళ్ళ ఫొటో పెట్టాను. మధ్య నాలుగు పెద్దవి, మూలవి రెండూ చిన్నగా తెల్లగా ఉన్నాయి. మచ్చల దగ్గర నొక్కితే ఏమీ అనలేదు, కానీ అరచెయ్యంత వెనక, వెన్నుపూసకి ఎడమ పక్కన నొక్కితే వీపు దించేసింది.

హెబ్బాళ డాక్టర్

అయితే దానికి నాలుగున్నర నిండలేదు. ఆ పక్క పళ్ళు ఇంకా పూర్తిగా అరగలేదు కూడా, మూడున్నర నాలుగు మధ్యలో అనుకోండి. అంటే ఈ పిల్ల రెండేళ్ళప్పుడే బరువు మోసింది.

వెన్నెముకలో ఎదిగే భాగాలు అన్నిటికన్నా చివర్లో గట్టిపడతాయి, ఐదున్నర ఆరేళ్ళ దాకా. కాళ్ళు చూసి పెద్దదైపోయింది అనుకుంటాం, వీపు ఇంకా పసిదే. కాబట్టి మూడు వారాలు పూర్తిగా జీను లేకుండా విశ్రాంతి. నొప్పి తగ్గకపోతే చూపించండి.

ఇప్పుడు బరువు. గుండె దగ్గర చుట్టుకొలత సెంటీమీటర్లలో, భుజం ముందు ఎముక నుంచి పిర్ర చివర దాకా పొడవు సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతని దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే దాదాపు కిలోలు వస్తాయి.

దేవనహళ్ళి సుబ్బు

చుట్టుకొలత 142, పొడవు 130. లెక్క వేస్తే 220 కిలోలు వచ్చింది. పాప 31 కిలోలు. ఆ ఆన్‌లైన్ జీను రికాబులతో కలిపి తూకం వేస్తే 7 కిలోలు. నేను 74, నా సంగతి అడగకండి, ఒకసారి ఎక్కాలని మనసులో ఉండేది, చంపేశాను.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. "పళ్ళు చూసి కొనాలి కదా సార్" అన్నాడు. నిజమే, ఏమంటాను.

హెబ్బాళ డాక్టర్

మనిషి, జీను అన్నీ కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదు అనేది మామూలు లెక్క, అది పెద్దయి కండ పట్టిన గుర్రానికి. 220కి 44 కిలోలు. పసిదానికి నేను 15, 16 శాతం దగ్గరే ఆపమంటాను. పాప 31, తేలికైన జీను 5 కిలోలు అయితే 36, దాదాపు 16 శాతం. ఏడాదిలో పాపా పెరుగుతుంది, బెల్లమూ పెరుగుతుంది, మళ్ళీ తూకం వేయండి.

లగామ్ లక్ష్మి

సుబ్బు గారూ, ఇప్పుడు మీ అసలు ప్రశ్నకే కొంచెం అడ్డం తిరుగుతాను. మీరు మంచి జీను, ఒకసారి కొంటే పదేళ్ళు ఉండేది అడిగారు. నాలుగేళ్ళ పోనీకి అలాంటిది లేదు. ఇప్పుడు తిని కూర్చున్న వీపు, ఆరు నెలలు పని చేశాక ఇదే వీపు కాదు. భుజం వెనక కండ నిండుతుంది, మెడ మారుతుంది, వానాకాలం గడ్డికి పొట్ట వస్తుంది, వేసవికి తగ్గుతుంది. ఇవాళ కొలత ఇచ్చి 40 వేలకి కుట్టించిన జీను దసరాకి సరిపోదు. అందుకే వెడల్పు మార్చుకోగలిగే జీను చూడండి, సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. వింటెక్ లాంటి సింథటిక్ వాటిలో ముందు భాగంలో గల్లెట్ అనే ఇనుప కమాను ఉంటుంది, స్క్రూలు విప్పి వేరే వెడల్పుది బిగించుకోవచ్చు, రంగుని బట్టి సైజు. బరువు కూడా తక్కువ. మిగిలిన డబ్బు సరిగ్గా కొలిపించి సరిచేయించడానికి ఉంచుకోండి.

ఒక్క హెచ్చరిక. గల్లెట్ మారిస్తే ముందు భాగం వెడల్పు మాత్రమే మారుతుంది. జీను మొత్తం ఆకారం, అంటే కింద వంపు, అది మారదు. బల్లపరుపు వీపు మీద అరటికాయలా వంగిన జీను పెడితే ముందు వెనక్కి ఊగుతుంది, గల్లెట్ ఎంత మార్చినా ఊగుతుంది. తిరగేసి, పల్లంగా ఉన్న వీపు మీద నిటారు జీను పెడితే మధ్యలో తగలదు, నాలుగు మూలలే మోస్తాయి. అందుకే చెట్టు ఆకారం ముందు, వెడల్పు తర్వాత. చెట్టు అంటే లోపలి చట్రం, మా దగ్గర ట్రీ అనేస్తాం.

కొలత ఇలా తీయండి. అవెన్యూ రోడ్డులో డ్రాయింగ్ సామాను అమ్మే షాపుల్లో వంగే స్కేలు దొరుకుతుంది, రబ్బరులో సీసం పెట్టినది, 60 సెంటీమీటర్లది. దొరక్కపోతే కరెంటు వాళ్ళ దగ్గర మందం అల్యూమినియం తీగ. భుజం ఎముక వెనక అంచు వేలితో వెతికి సుద్దముక్కతో గీత గీయండి. ముందు కాలు ఎత్తి ముందుకి చాపిస్తే ఆ ఎముక వెనక్కి కదలడం మీ వేలికే తెలుస్తుంది. జీను చట్రం ఆ కదలికకి అడ్డం రాకుండా గీతకి రెండు వేళ్ళ వెనక మొదలవ్వాలి. అక్కడ వీపు మీద స్కేలు నొక్కి, ఆకారం చెడకుండా తీసి అట్ట మీద గీసుకోండి. నాలుగంగుళాల వెనక ఇంకోటి, ఆ వెనక ఇంకోటి. అట్ట కత్తిరించి జీను కింద నుంచి పెట్టి చూస్తే ఎక్కడ ఖాళీ ఎక్కడ ఒరుపు అన్నది షాపులోనే కనబడుతుంది, పోనీని షాపుకి తీసుకెళ్ళలేం కదా. అట్ట మీద తేదీ రాయండి, మూడు నెలలకి మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, ఆశ్చర్యపోతారు.

వెనక హద్దు చివరి పక్కటెముక. గుర్రానికి 18 జతలు. పక్క నుంచి చివరి ఎముక వేలితో పట్టుకుని పైకి వెన్నెముక దాకా వెళ్ళండి, ఆ గీత దాటి జీను మెత్త, అంటే అడుగున వీపుకి ఆనే దిండు, పోకూడదు, ఆ వెనకంతా ఎముక ఆసరా లేని నడుము. చిన్న పోనీల్లో ఇక్కడే తంటా. పాపకి 16 అంగుళాల సీటు సరిపోతుంది, కానీ మెత్త పొడుగైతే బెల్లానికి సరిపోదు. సీటు సైజు చూసి సంబరపడకుండా తిరగేసి మెత్త పొడవు కొలవండి.

వేపేరి వాణి

చెన్నై నుంచి. తోలా సింథటికా అనే చోట నేను లక్ష్మి గారితో నూరు శాతం. నాకు తోలంటే పిచ్చి, ఆ వాసనే వేరు. పెరియమేట్ సందుల్లో తోలు షాపుల ముందు నడవడానికే బస్సు దిగుతాను. అయినా చెప్తున్నాను, ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తోలు జీను మీద రెండు రోజులు చెయ్యి వేయకపోతే మూడో రోజు పచ్చటి బూజు. ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా. నూలు కవరు, గాలి ఆడే గది, వారానికోసారి తుడవడం తప్పదు. బెంగళూరులో మీకు కొంచెం నయం. తోలుకి రాసే నీట్స్‌ఫుట్ నూనె పోసి నానబెట్టకండి, తోలు సాగిపోతుంది, దారం కుళ్ళిపోతుంది, ఆ దారమే పట్టీని పట్టుకునేది.

నా సొంత కథ ఒకటి. నా పాత జీనులో ఉన్ని అణిగిపోయిందని ఒకాయన పరుపులు కుట్టే మనిషి చేత మెత్తలో దూది కుక్కించాడు, నాకు చెప్పకుండా. చూడ్డానికి బాగా ఉబ్బింది. పది రోజుల్లో చెమటకి దూది గడ్డలు కట్టింది, గుర్రం వీపు మీద గోలీలు పరిచినట్టు. వాపు తగ్గడానికి నెల పట్టింది. మెత్తలో ఉన్ని అయితే ఉన్నే వేయించండి, అది తెలిసిన మనిషి చేత.

రికాబ్ రాజు

ఉన్నే మేలు. ఫోము అణిగాక మళ్ళీ లేవదు, పడేయడమే. ఉన్ని అయితే పోనీ మారినప్పుడల్లా కాస్త తీసి కాస్త వేసి సరిచేయొచ్చు. సింథటిక్ తీసుకున్నా మెత్తలో ఉన్ని ఉన్న రకం దొరికితే అదే చూడండి.

కాన్పూరు జీన్లని మాత్రం తీసిపారేయకండి, సుబ్బు గారి ఆన్‌లైన్ అనుభవం వల్ల అందరూ అదే అనుకుంటారని చెప్తున్నాను. బ్రిటిష్ సైన్యానికి జీన్లు కుట్టిన ఊరు అది, ఇవాళ్టికీ అక్కడి నుంచి విదేశాలకి వెళ్తున్నాయి, కాన్పూర్ శాడ్లరీకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు కూడా ఉంది. మంచి పనితనం ఉంది, చవక సరుకూ ఉంది, రెండూ ఒకే నిగనిగతో వస్తాయి. తేడా లోపల. జీను తిరగేసి ఒళ్ళో పెట్టుకుని వెనక నుంచి చూడండి, రెండు మెత్తలూ ఒకే ఎత్తు, ఒకే వెడల్పు ఉన్నాయా, మధ్య కాలువ నిటారుగా ఉందా. కాలువలో మూడు నాలుగు వేళ్ళు ముందు నుంచి వెనక దాకా పట్టాలి. తర్వాత వెనక భాగం పొట్టకి ఆనించి ముందు భాగాన్ని రెండు చేతులతో మీవైపు లాగండి. కొద్దిగా స్ప్రింగులా కదిలితే సరే, కిర్రుమన్నా సీటు తోలు మడత పడినా చట్రం విరిగింది, ఉచితంగా ఇచ్చినా వద్దు. సెకండ్ హ్యాండ్‌లో ఇది చేయకుండా డబ్బివ్వకండి. పట్టీలు తగిలించే తోలు వార్లు చూడండి, బెజ్జాలు సాగి గుడ్డు ఆకారంలోకి వచ్చి ఉంటే మార్పించాలి.

రికాబు తగిలించే ఇనుప కొక్కేనికి చివర చిన్న గడియ ఉంటుంది, అది ఎప్పుడూ తెరిచే ఉంచండి. పాప పడితే కాలు ఇరుక్కోకుండా రికాబు వార్‌తో సహా ఊడి రావాలి. రికాబు బూటుకన్నా ఒక అంగుళం వెడల్పు ఉండాలి.

బాబ్జీ బొమ్మనహళ్ళి

చట్రం లేని జీన్లు వస్తున్నాయటగా, ట్రీలెస్. చట్రమే లేకపోతే కొలత గొడవే ఉండదు కదా? ఈసారి నిజంగానే అడుగుతున్నాను, వెటకారం కాదు.

లగామ్ లక్ష్మి

మంచి ప్రశ్నే బాబ్జీ గారూ. కొన్ని గుర్రాలకి బాగుంటాయి. గుండ్రటి వీపు, మూపు లేని పోనీకి మాత్రం అవే ఎక్కువ తిరుగుతాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైగా రికాబు మీద నిలబడినప్పుడు బరువంతా వార్ దగ్గరే పడుతుంది. బెల్లానికి నేను వద్దంటాను.

దేవనహళ్ళి సుబ్బు

ఐదు వారాలైంది, వివరంగా రాస్తున్నాను.

మూడు వారాలు జీను ముట్టుకోలేదు. పాప రోజూ సాయంత్రం పోనీని తాడు పట్టుకుని తోట చుట్టూ నడిపించింది, చిన్న దుంగలు దాటించింది. మొదటి వారం ఏడుపు మొహం, రెండో వారానికి బెల్లం దాని వెనకే కుక్కపిల్లలా తిరగడం మొదలుపెట్టింది. నొక్కితే వీపు దించడం పద్దెనిమిదో రోజుకి పోయింది.

అవెన్యూ రోడ్డులో వంగే స్కేలు దొరికింది. అట్టలు కత్తిరించుకుని మూడు చోట్ల మూడు జీన్లు చూశాను. మొదటిది మెరిసే కొత్తది, అట్ట పెడితే పైన మాత్రమే తగులుతోంది, కింద రెండు వేళ్ళ ఖాళీ. రెండోదాని వెనక మెత్త చివరి పక్కటెముక గీతకి మూడంగుళాల అవతల పడింది. షాపాయన "ఇంత లెక్కలేంటి సార్, గుర్రమా ఇంజినీరింగా" అన్నాడు. మూడోది ఒక రైడింగ్ నేర్చుకున్న పిల్ల పెద్దదై అమ్మేసిన వింటెక్, సింథటిక్, 16 అంగుళాలు, లక్ష్మి గారు చెప్పినట్టు గల్లెట్ మారేది. వెడల్పు గల్లెట్ దానితోపాటే ఇచ్చారు. వారం రోజులు తీసుకెళ్ళి చూసుకోండి, కుదరకపోతే తెచ్చేయండి అన్నారు. నాకు అదే నచ్చింది.

రాజు గారు చెప్పినట్టు లాగి చూశాను, కిర్రు లేదు. బెల్లం మూపు మీద కొంచెం ముందుగా పెట్టి వెనక్కి జరిపితే ఒక చోట తనంతట తను ఆగింది. పాప ఎక్కాక మూపుకీ జీనుకీ మధ్య రెండు వేళ్ళు నిలువుగా పట్టాయి. మెట్టు దగ్గర నిలబెట్టి ఎక్కిస్తున్నాం, అటువైపు రికాబు నేను పట్టుకుంటున్నాను, నేల మీద నుంచి ఎక్కడం పూర్తిగా మానిపించాను. ఇరవై నిమిషాలు నడక, జీను తీసి చెమట చూశాను. మధ్య కాలువ పొడిగా ఉంది, రెండు పక్కలా తడి. కానీ ఎడమ భుజం వెనక తడి మధ్యలో అరచెయ్యంత పొడి ముక్క. ఇది మంచిదా చెడ్డదా?

జట్కా మనవడు

అంత చిన్న పొడి మచ్చ తడి మధ్యలో ఉంటే అనుమానించాలి అన్నా. అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమటే పట్టట్లేదు. రెండు పక్కలా ఒకేలా ఉంటే వేరే మాట, ఒక పక్కే అంటే జీనైనా వంకర, పోనీ అయినా వంకర, పాప అయినా ఒక పక్కకి ఒరిగి కూర్చుంటోంది.

లగామ్ లక్ష్మి

పాపని వెనక నుంచి వీడియో తీయండి, జీను మధ్య కుట్టు గీత వెన్నెముక మీదే ఉందా చూడండి.

దేవనహళ్ళి సుబ్బు

వీడియో తీశాను. రికాబు వార్లు ఒకటి ఇంకోదానికన్నా ఒక బెజ్జం పొడుగు! పాప ఎడమ వైపు ఒరిగి కూర్చుంటోంది. వార్లు పాతవి, రోజూ ఎడమ నుంచే ఎక్కి ఎక్కి ఎడమది సాగింది. రెండూ మార్చాను. నిన్న నడక తర్వాత పొడి మచ్చ రూపాయి బిళ్ళంతకి తగ్గింది, ఇవాళ లేదు. గర్త్ కూడా మోచేతి దగ్గర లోపలికి వంపు ఉన్నది తీసుకున్నాను, జీను ముందుకి రావడం దాదాపు ఆగింది. తోట చివర దిగుడు దగ్గర కొంచెం జారుతోంది, అక్కడికి దుంచీ కుట్టిస్తున్నాను. జీను డబ్బులు ఇచ్చేశాను, 18 వేలు. మిగిలిన దాంట్లో పాపకి కొత్త హెల్మెట్ కొన్నాను.

ఆ 9,500 జీను ఏం చేయాలో తెలీక వాకిట్లో కోళ్ళ గూడు పక్కన పెట్టాను. ఒక కోడి ఎక్కి పొదుగుతోంది. దానికి మాత్రం సరిగ్గా సరిపోయింది.

బాబ్జీ బొమ్మనహళ్ళి

కోడికి గల్లెట్ ఏ రంగండీ?

హెబ్బాళ డాక్టర్

సుబ్బు గారూ, అట్ట మీద తేదీ వేశారా? దసరా సెలవుల్లో మళ్ళీ తీసి ఇక్కడే పెట్టండి, మూల పళ్ళ ఫొటో కూడా.